దాలి నుంచి ధ్వని దాకా: పాల నిల్వ వెనుక కథ

మే నెలలో ప్రకాశం జిల్లా దర్శి వైపు, నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో సాయంత్రం గేదె పాలు పితికిన ఇల్లాలికి ఒకటే తొందర, క్యాన్ పాల కేంద్రానికి చేరేలోగా పాలు పులుపెక్కకూడదు. పొదుగులోంచి వచ్చే పాలు 38 డిగ్రీల వేడి మీద ఉంటాయి. సూక్ష్మజీవులకు అంతకన్నా సుఖమైన చోటు లేదు. వాటిలో కొన్ని అరగంట తిరక్కుండానే రెట్టింపవుతాయి. ఒకటి రెండు అవుతుంది, రెండు నాలుగు అవుతాయి, తెల్లారేసరికి లెక్కకు అందవు. కేంద్రంలో పాలు వెనక్కి పంపితే ఆ పూట గేదె మేతకు పెట్టిన ఖర్చంతా నేలపాలే. వాన నమ్మకం లేని ఆ మెట్ట ఊళ్లలో పాల డబ్బే ఇంటి ఖర్చుకు ఆధారం కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

మన పెద్దవాళ్లు దీనికి దాలితో జవాబు చెప్పారు. పెరట్లో గుంట తీసి, పిడకలు రాజేసి, పాలకుండ దాని మీద పెట్టేవారు. సన్నసెగ మీద పూటంతా కాగి పాలు లేత ఎరుపు తిరిగేవి, పైన మందంగా మీగడ కట్టేది. రాత్రి తోడు వేస్తే పొద్దున్నే పెరుగు. కవ్వంతో చిలికితే వెన్న, అది కాస్తే నెయ్యి. తోడు వేయడమూ సూక్ష్మజీవులతో చేయించుకునే పనే. మనకు మేలు చేసేవాటిని ముందుగా దింపితే, అవి పుట్టించే పులుపులో చెడ్డవాటికి చోటు దొరకదు. పాలను పాలుగా నిలపలేమని తెలిసి, నిలిచే రూపంలోకి మార్చుకున్నారన్నమాట. అందుకే నెయ్యి సంతకు వెళ్లేది, మజ్జిగ ఊళ్లోనే పంచేవారు, పాల అమ్మకం నాలుగు వీధులు దాటేది కాదు.

దూరం పెరిగాక దాలి చాల్లేదు. ప్రకాశం జిల్లా ఏర్పడిన 1970లోనే దేశంలో పాల ఉత్పత్తి పెంచే ఆపరేషన్ ఫ్లడ్ పథకం మొదలైంది. సహకార సంఘాలు, శీతలీకరణ కేంద్రాలు వచ్చాయి. 1991 తర్వాత ప్రైవేటు డెయిరీలు కూడా పాల సేకరణలోకి దిగాయి. 2020 డిసెంబరులో అమూల్‌తో కలిసి రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పాల వెల్లువ పథకానికి ఎంచుకున్న తొలి జిల్లాల్లో ప్రకాశం ఒకటి. కొనేవాడు మారినా పద్ధతి ఒకటే: పాలను 4 డిగ్రీలకు చల్లబరచు, ట్యాంకరులో ప్లాంటుకు పంపు, అక్కడ 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసి మళ్లీ చల్లార్చి ప్యాకెట్లో నింపు. పాశ్చరైజేషన్ అనే ఈ పద్ధతికి మూలం 1860ల్లో ఫ్రాన్సులో ద్రాక్షసారా చెడకుండా లూయీ పాశ్చర్ చేసిన ప్రయోగాలు. ఇంకా ఎక్కువ కాలం నిలవాలంటే 135 డిగ్రీలు దాటించి కొద్ది సెకన్లు ఉంచి, గాలి తగలని అట్టపెట్టెలో నింపుతారు. అవి నెలల తరబడి ఫ్రిజ్ లేకుండా ఉంటాయి. రుచిలో మాత్రం కాగిన వాసన తెలుస్తుంది.

చలి గురించి మనకున్న నమ్మకంలో ఒక లోపం ఉంది. సూడోమోనాస్ వంటి కొన్ని సూక్ష్మజీవులు 4 డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతాయి. పెరుగుతూ ఎంజైములు అనే పదార్థాలను వదులుతాయి. వేడికి జీవి చస్తుంది, ఎంజైము చాలావరకు మిగులుతుంది. అదే కొవ్వునూ మాంసకృత్తులనూ విరగ్గొట్టి, నెలల తర్వాత అట్టపెట్టెలోని పాలకు చేదు తెస్తుంది. పాలను వేడిచేయకుండానే సూక్ష్మజీవులను తీసేయలేమా అన్న ప్రశ్న వెనుక ఉన్నది ఈ చిక్కు, ఆ కాగిన వాసన.

మొదటి జవాబు వడపోత. 1980ల్లో స్వీడన్‌లో ఆల్ఫా లావల్ సంస్థ దీన్ని డెయిరీ స్థాయికి తెచ్చింది. పింగాణీ లాంటి సెరామిక్ గొట్టాల గోడల్లో 1.4 మైక్రాన్ల రంధ్రాలుంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వాటిలోంచి పాలు నెడితే మాంసకృత్తులు, చక్కెర, లవణాలు దాటిపోతాయి, సూక్ష్మజీవుల్లో అత్యధిక భాగం, వేడికి చావని వాటి బీజాలతో సహా, ఇవతలే ఆగిపోతాయి. ఆ తర్వాత మామూలు పాశ్చరైజేషన్ చేస్తే ఫ్రిజ్‌లో మూడు వారాల దాకా పాలు తాజా రుచితో ఉంటాయి. అయితే కొవ్వు బిందువులు కూడా సూక్ష్మజీవులంత పెద్దవే, రంధ్రాలను పూడ్చేస్తాయి. అందుకని ముందే మీగడ వేరుచేసి, దాన్ని విడిగా బాగా వేడిచేసి, తర్వాత కలపాలి. ఆవు పాలలో 4 శాతం దగ్గర కొవ్వుంటే మన గేదె పాలలో 6 నుంచి 8 శాతం. అంటే ఇక్కడ విడదీసి మళ్లీ కలపాల్సిన మీగడ అంత ఎక్కువ.

ధ్వని కథ ఇంకా పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రంలోని జలాంతర్గాములను పసిగట్టే పనిలో ఉన్న ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవాన్, తన యంత్రం పుట్టించిన ధ్వనికి దగ్గరలోని చేపలు చచ్చిపోవడం గమనించాడు. 1929లో అమెరికాలో హార్వే, లూమిస్ అనే ఇద్దరు అదే ధ్వనితో బ్యాక్టీరియాను నాశనం చేసి చూపించారు. సెకనుకు 20 వేల కంపనాలు దాటిన ధ్వని మన చెవికి వినపడదు, దాన్నే అల్ట్రాసౌండ్ అంటారు. దాన్ని గట్టిగా పాలలోకి పంపితే లెక్కలేనన్ని సన్నని బుడగలు పుట్టి, ఉబ్బి, ఒక్కసారిగా పగులుతాయి. ఆ దెబ్బకు సూక్ష్మజీవుల గోడలు చిట్లుతాయి. కొవ్వు బిందువులు కూడా చిన్న చిన్న ముక్కలై పాలంతా సమంగా కలిసిపోతాయి. ధ్వని ఒక్కటే అయితే బీజాలు లొంగవు. దానికి ఓ మాదిరి వేడి, ఒత్తిడి తోడైతే, వేడికి లొంగని ఆ ఎంజైములు సైతం దెబ్బతింటాయని ప్రయోగశాలల్లో తేలింది. ఎక్కువసేపు పంపితే పాలకు కాలిన రబ్బరు లాంటి వాసన వస్తుంది. ఆ చిక్కు వల్లా, కరెంటు ఖర్చు వల్లా ఇది ప్యాకెట్ పాలకు మామూలు పద్ధతి కాలేకపోయింది.

అయినా అల్ట్రాసౌండ్ మన ఊళ్లకు ఎప్పుడో వచ్చింది. పాల కేంద్రంలో వెన్న శాతం చూసే యంత్రాలు చాలావరకు ధ్వనితోనే కొలుస్తాయి. శాంపిల్‌లో గాలి బుడగలు పోవడానికి పక్కనే ఉండే చిన్న గిన్నె లాంటి స్టిరర్‌దీ ఆ ధ్వనే. పాలకు ధర కట్టడానికి వచ్చిన ఈ విద్య, పాలను కాపాడే పనికి మాత్రం ఇంకా రాలేదు.

ఎప్పుడో వస్తుందని ఊరుకుంటే సరిపోదని నా గట్టి అభిప్రాయం. వడపోత గాని ధ్వని గాని చెడిన పాలను బాగుచేయలేవు. అప్పటికే పుట్టిన పులుపు జల్లెడలో ఆగదు, మాంసకృత్తులతో పాటే దాటిపోతుంది. పాలు పితికినప్పటి నుంచి చల్లబరిచే దాకా ఉన్న ఈ ఖాళీలోనే మోసానికి చోటు దొరుకుతోంది. పులుపు తెలియకుండా సోడా కలుపుతారు, నిల్వ ఉండాలని హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆఖరికి ఫార్మలిన్ కూడా పోస్తారు. ఇవి చట్టం ఒప్పనివి, పసిపిల్లలు తాగే పాలలో పడుతున్నవి. వీటిని ఆపాలంటే ప్లాంటులో కొత్త యంత్రం కన్నా ముందు ఊళ్లో పని ఉంది. పితికే ముందు పొదుగు కడగాలి, ప్లాస్టిక్ డబ్బా బదులు స్టీలు క్యాన్ వాడాలి. రెండు గంటల్లోపు పాలు చేర్చగలిగే దూరంలో కూలర్ ఉండాలి. మే నెల సాయంత్రం కరెంటు పోతే దాన్ని నడపడానికి జనరేటరు, అందులో డీజిల్ ఉండాలి.