సెకండ్ హ్యాండ్ వ్యాగన్ ఆర్ కొనబోతున్న మా పిల్లలకు

అమ్మాయికీ, అబ్బాయికీ ఆశీస్సులు.

మీరిద్దరూ కలిసి హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ మారుతి వ్యాగన్ ఆర్ కొనాలని చూస్తున్నారనీ, చేతిలో 4 లక్షలు ఉన్నాయనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు నడిపినవాణ్ని కాబట్టి ఈ విషయంలో మీకు చెప్పాల్సింది చాలానే ఉంది, ఫోన్‌లో చెబితే సగం వింటారు సగం మర్చిపోతారు, అందుకే కూర్చుని రాస్తున్నా. కారు కొనే ఆలోచనలో ఉన్న మీ ఫ్రెండ్స్‌కి కూడా పంపండి.

అన్నిటికంటే ముందు ఒక మాట. బండి చూసుకోవడానికి టైమిచ్చే మనిషి దగ్గరే కొనండి. "ఇంకో పార్టీ రెడీగా ఉంది సార్, సాయంత్రంలోపు అడ్వాన్స్ ఇస్తే సరే" అన్నవాడికి దండం పెట్టి వచ్చేయండి. నేను కింద చెప్పేవన్నీ నిదానంగా చూస్తేనే కనపడతాయి, తొందరపెట్టేవాడికి ఆ సంగతి మీకంటే బాగా తెలుసు.

వ్యాగన్ ఆర్ ఎంచుకోవడం తెలివైన పనే. 1999 చివర్లో వచ్చిన బండి, ఇప్పటికీ అమ్ముడుపోతోంది, అందుకే ఏ ఊళ్లో ఆగిపోయినా దాన్ని విప్పగల మెకానిక్ దొరుకుతాడు, పార్టులూ దొరుకుతాయి. ఎత్తుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న మీ నానమ్మ వంగకుండా ఎక్కి దిగుతుంది, నాకది పెద్ద విషయమే. 2010లో కె సిరీస్ 998 సీసీ ఇంజిన్ వచ్చింది, దానికి ఇంజిన్ లోపలి భాగాలని కలిపి తిప్పే టైమింగ్ చైన్ ఉంటుంది. అంతకు ముందు వాటిలో బెల్టు, దాన్ని టైముకి మార్చకపోతే ఇబ్బంది. ఎలాగూ అంత పాతవి మీకొద్దు, ఎందుకంటే సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే ఇస్తారు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2019 జనవరిలో వచ్చిన కొత్త బాడీ మోడల్ చూడండి. లోపల చోటు ఎక్కువ, డిక్కీ 341 లీటర్లు, ఇంజిన్లు రెండు రకాలు: 1.0 లీటర్, 1.2 లీటర్. మీరు నెలకోసారి హైవే మీద విజయవాడ వస్తారు కాబట్టి దొరికితే 1.2 మేలు, నలుగురు ఎక్కి ఏసీ వేసినా లాగుతుంది. ఎక్కువగా సిటీలోనే తిరుగుతుందనుకుంటే 1.0 చాలు. అది మూడు సిలిండర్ల ఇంజిన్, నిలబెట్టినప్పుడు కొంచెం వణుకుతుంది, అది దాని స్వభావం, భయపడొద్దు. మరీ ఎక్కువగా ఊగితే మాత్రం ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంటింగ్‌లు చూపించండి.

ఒక విషయం దాచను. క్రాష్ టెస్టుల్లో ఈ బండికి మంచి మార్కులు రాలేదు. ఆ పరీక్షలు చేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2019లో ఐదుకి రెండు స్టార్లు ఇచ్చింది, 2023లో కొత్త పద్ధతిలో పరీక్షిస్తే ఒక్కటే వచ్చింది. కాబట్టి కనీసం ముందు రెండు ఎయిర్‌బ్యాగులూ ఉన్నదే తీసుకోండి. 2022 జనవరి నుంచి తయారైన కార్లన్నిటికీ రెండూ తప్పనిసరి, అంతకు ముందు తక్కువ వేరియంట్లలో డ్రైవర్ వైపు ఒక్కటే ఉండేది. తయారైన నెల, రిజిస్టరైన తేదీ వేర్వేరుగా ఉంటాయి, ఆర్సీ మీద రెండూ చూడండి. తాళం తిప్పగానే మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే లేదంటే ఇంకా అనుమానించాలి, ఎయిర్‌బ్యాగ్ పేలిపోయాక కొత్తది వేయకుండా లైటు మాత్రం పీకేసేవాళ్లున్నారు. మీరు ఎంత జాగ్రత్తగా నడిపినా ఎదుటివాడు మీ చేతిలో ఉండడు, నేను దీని గురించి ఇంతగా చెప్పేది అందుకే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. నీళ్లలో మునిగిన బండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండటం మీరు టీవీలో చూశారు, మేం కళ్లారా చూశాం. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ ఎన్నో కాలనీలు మునిగాయి. అలాంటి బండిని ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద, అంటే బాగుచేయించడం దండగని లెక్కకట్టి, తీసుకుని వేలంలో అమ్మేస్తుంది. కొన్నవాళ్లలో కొందరు పార్టులు విప్పి అమ్ముకుంటారు, కొందరు కడిగి, ఆరబెట్టి, సీట్లు మార్చి మళ్లీ రోడ్డెక్కిస్తారు. ఆ ఊళ్లో అమ్మితే జనం గుర్తుపడతారు కాబట్టి వేరే ఊరు తీసుకెళ్లి అమ్ముతారు. స్టార్ట్ అవుతుంది, ఏసీ వస్తుంది, పాటలూ వస్తాయి. కొన్ని నెలలయ్యాక వైరింగ్ కనెక్టర్లలో చేరిన తేమకి పచ్చటి చిలుము పట్టి, ఒకరోజు పవర్ విండో పనిచేయదు, ఇంకోరోజు సెన్సార్ లైటు వెలుగుతుంది, మరోరోజు నడిరోడ్డు మీద ఇంజిన్ ఆగిపోతుంది, ఏ మెకానిక్కీ జబ్బు ఒక పట్టాన దొరకదు. ఎంత చవగ్గా వచ్చినా ఆ బండి వద్దు.

దాన్ని పట్టుకోవడం కష్టం కాదు. ఎక్కి కూర్చుని సీట్ బెల్టు పట్టుకుని నిదానంగా చివరిదాకా లాగండి, రోజూ పెట్టుకునేటప్పుడు లాగేంత కాదు, ఇక రాదు అనేదాకా. డోరు పక్కన నిలువుగా ఉండే పిల్లర్ లోపల చుట్టుకుని ఉండే ఆ చివరి అడుగు భాగాన్ని ఎవరూ శుభ్రంగా కడగరు. వరదలు తగ్గిన కొన్నాళ్లకి మా షాపుకి ఒకబ్బాయి తాను కొనబోయే తెల్ల వ్యాగన్ ఆర్ తెచ్చి ఒకసారి చూడమన్నాడు. కొత్త సీట్ కవర్లు, కొత్త మ్యాట్లు, లోపల ఘాటుగా సెంటు వాసన. వెనక సీటు బెల్టు పూర్తిగా లాగితే చివర్లో వేలి వెడల్పున గోధుమ రంగు గీత, దాని కింద అంతా గరుగ్గా ఉంది, వేలితో రుద్దితే పొడి మట్టి రాలింది. ఆ గీత ఎత్తు దాకా నీళ్లు నిలిచాయన్నమాట. ఆ అబ్బాయి అడ్వాన్స్ ఇవ్వలేదు, బతికిపోయాడు. బెల్టు చూశాక డిక్కీలో మ్యాట్ లేపి, స్టెప్నీ తీసి, దాని కింద మూలల్లో వేలు పెట్టి చూడండి. సీట్ల కింద పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయేమో ఫోన్ టార్చి వేసి చూడండి. హెడ్‌లైట్ల లోపల ఆవిరి పట్టి ఉందేమో చూడండి. అద్దాలన్నీ మూసి, ఏసీ ఆపి ఐదు నిమిషాలు లోపలే కూర్చోండి, ముక్కిపోయిన వాసన ఉంటే బయటపడుతుంది. సెంటు మరీ ఎక్కువ కొట్టి ఉంటే ఎందుకు కొట్టారని మొహమాటం లేకుండా అడగండి.

యాక్సిడెంట్ అయిన బండిని చూసి అంత భయపడక్కర్లేదు. బంపరు, డోరు గీసుకోవడం, టింకరింగ్ చేయించి పెయింట్ వేయించడం మన రోడ్ల మీద మామూలే. మీరు చూడాల్సింది ముందు నుంచి గట్టిగా గుద్దిందా అన్నది. బానెట్ లేపి, దాన్ని పట్టి ఉంచే బోల్టుల మీద రెంచి పెట్టిన గుర్తులున్నాయేమో, రేడియేటర్ పైన అడ్డంగా ఉండే పట్టీ వంకర పోయిందేమో, లోపలి రేకు మీద కంపెనీ వేసిన గుండ్రటి వెల్డింగ్ చుక్కలు రెండు వైపులా ఒకేలా ఉన్నాయేమో చూడండి. డోర్ల రబ్బరు బీడింగ్ కొంచెం లాగితే దాని కింద కూడా ఆ చుక్కలు కనిపించాలి, నున్నగా పుట్టీ కనిపించకూడదు. ప్రతి అద్దం మూలలో తయారీ గుర్తు ఉంటుంది. అన్నీ ఒక ఏడాదివి అయి ఒక్కటే వేరే ఏడాదిది అయితే అటువైపు ఏం జరిగిందో అడగండి. నిజాయితీగా చెబితే మంచిదే, బేరానికి పనికొస్తుంది.

మీటర్ రీడింగ్‌ని అస్సలు నమ్మొద్దు, వెనక్కి తిప్పడం పెద్ద పనేం కాదు. సొంత వాడకానికి ఏడాదికి పదివేల కిలోమీటర్లు అటూ ఇటూ తిరగడం మామూలు. ఐదేళ్ల బండి ముప్పై వేలే చూపిస్తూ, బ్రేక్ పెడల్ రబ్బరు మాత్రం అరిగి నున్నగా అయిపోయి, స్టీరింగ్ అరిగి మెరుస్తూ, డ్రైవర్ సీటు పక్కంతా నలిగిపోయి ఉంటే ఆ లెక్క కుదరదు. ఓనర్‌ని తోడు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే, ఎప్పుడు ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీస్ అయిందో వాళ్ల కంప్యూటర్‌లో ఉంటుంది. అక్కడే ఇంకోటి కూడా అడగండి: 2018 నవంబరు 15 నుంచి 2019 అక్టోబరు 15 మధ్య తయారైన 1.0 వ్యాగన్ ఆర్‌లని ఫ్యూయల్ పంపు లోపం ఉండొచ్చని 2020లో కంపెనీ వెనక్కి పిలిచి చూసింది. మీరు చూసే బండి ఆ నెలల్లోదైతే ఆ పని అయిందో లేదో ఛాసిస్ నంబరుతో తెలుస్తుంది. టైర్ల పక్కన కూడా నాలుగు అంకెలుంటాయి, 3221 అంటే 2021లో 32వ వారం తయారైందని. నాలుగూ మార్చాల్సి వస్తే ఖర్చు బాగానే ఉంటుంది, ఆ సంగతి బేరంలోనే తేల్చుకోండి.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే నిజం చెబుతుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ లోపలికి పోతోందని అర్థం. ఆయిల్ మూత తీస్తే పాల మీగడలా జిగురు పేరుకుని ఉన్నా అదే అనుమానం. తర్వాత కనీసం అరగంట నడపండి. ఫ్లైఓవర్ ఎక్కించండి, గతుకుల్లోకి పోనివ్వండి, ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ కాస్త వదిలి ఏ పక్కకి లాగుతోందో చూడండి. పై గేరులో యాక్సిలరేటర్ తొక్కితే చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయినట్టే. ఏజీఎస్ (గేర్లు దానంతటదే మారే) బండైతే ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించండి, మరీ కుదుపుతో లాగితే క్లచ్ చూపించుకున్నాకే మాట్లాడండి. మీకు తెలిసిన మెకానిక్‌కి వెయ్యో రెండు వేలో ఇచ్చి వెంట తీసుకెళ్లండి. అమ్మేవాడు తెచ్చిన మెకానిక్ మాట వద్దు.

సీఎన్‌జీ బండి కనిపిస్తే కంపెనీ నుంచి వచ్చిందా, బయట కిట్ పెట్టించారా అడగండి. ఆర్సీలో సీఎన్‌జీ అని ఎక్కి ఉండాలి, సిలిండర్‌కి మూడేళ్లకోసారి చేసే పరీక్ష కాగితం ఉండాలి. డిక్కీలో చోటు పోతుంది, అదీ ఆలోచించుకోండి. ఇక టాక్సీగా తిరిగి తర్వాత తెల్ల ప్లేటుకి మార్చిన బండ్లు వ్యాగన్ ఆర్‌లో చాలా ఉన్నాయి. అవి లక్షల కిలోమీటర్లు తిరిగి ఉంటాయి, వద్దు.

కాగితాల దగ్గర మీ ఈడు పిల్లలు నిర్లక్ష్యం చేస్తారు, నాకు టెన్షన్ అంతా ఇక్కడే. ఆర్సీ మీదున్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో మీరే స్వయంగా అంకె అంకె పోల్చుకోండి. ఎన్నో ఓనరో చూడండి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్సీలో ఆ అప్పు కొట్టేయించే ఫారం 35 చేతికి రానిదే డబ్బు మొత్తం ఇవ్వొద్దు. చలాన్లు ఎన్ని పెండింగ్ ఉన్నాయో నంబరు కొట్టి చూసి, వాళ్ల చేతే కట్టించండి. వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, చవగ్గా వచ్చిందనుకున్నది కాస్తా అక్కడే పోతుంది. పాత బండి మీద ఏపీ 09 అని ఉంటే మాత్రం కంగారు పడొద్దు, అది 2014 జూన్‌కి ముందు హైదరాబాద్‌లోనే రిజిస్టరైన బండి.

ఫారం 29, 30 మీద అమ్మినాయన సంతకం తీసుకుని వెంటనే టీవో, అంటే బండి మీ పేరు మీదకి మార్పు, పెట్టించండి. చట్టం ప్రకారం కొన్నవాళ్లకి 30 రోజుల గడువుంది, మీరు మొదటి వారంలోనే చేయించండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, బండి పేరు మార్చకుండా చేతులు మారుస్తూ పోయే బ్రోకర్లున్నారు, అలాంటి బండి కొంటే మొదటి ఓనర్ ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వస్తుంది. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, యాక్సిడెంట్ నష్టపరిహారం వాళ్ల మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే బాధ్యత తెలిసిన అమ్మకందారు పేరు మార్చుకోమని తానే మీ వెంట పడతాడు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించుకోండి. ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి పనికొచ్చే థర్డ్ పార్టీ దానంతటదే మీకు వస్తుంది గానీ, మీ బండికి జరిగే నష్టం క్లెయిమ్ కావాలంటే పాలసీ మీ పేరు మీద ఉండాలి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ అమ్మినాయనది, బండితో పాటు మీకు రాదు, "బోనస్ కూడా మీకే" అని ఎవరైనా అంటే ఆ మాట లెక్కలోకి తీసుకోకండి.

4 లక్షలుంటే 4 లక్షల బండి చూడకండి. 3 లక్షల 60 వేల దగ్గర ఆగండి. మిగిలింది టీవో ఖర్చులకీ, ఇన్సూరెన్స్‌కీ, ఇంటికి రాగానే మార్చాల్సిన ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీకీ సరిపోతుంది. డబ్బు బ్యాంకు ద్వారానే, ఆర్సీలో ఉన్న పేరు గల అకౌంట్‌కే పంపండి, బ్రోకర్ చేతికి క్యాష్ ఇవ్వొద్దు.

ఈ ఆదివారం ఏదైనా చూడటానికి వెళ్తుంటే శనివారం రాత్రే ఆర్సీ ఫోటో, బానెట్ లేపి తీసిన ఫోటో, సీట్ బెల్టు చివరి ఫోటో నాకు పంపమని అమ్మేవాళ్లని అడగండి. పంపితే నేను చూసి చెబుతా, పంపకపోతే ఇంకో బండి చూసుకుందాం. మీ నానమ్మ, పెద్దమ్మ మిమ్మల్ని అడిగామని చెప్పమన్నారు.

మీ పెదనాన్న
విజయవాడ