పాటలు పెట్టుకుని చదవొచ్చా?

పిల్లలకు ఆశీస్సులు.

ఈమధ్య మీలో చాలామంది ఫోన్లో పర్సనాలిటీ టెస్టులు రాస్తున్నారు. వచ్చిన నాలుగు అక్షరాలు చూపించి, "నేను ఇంట్రోవర్ట్‌ని తాతయ్యా, అందుకే క్లాసులో చెప్పింది బుర్రకెక్కదు" అని ఒకరంటే, "నేను ఎక్స్‌ట్రావర్ట్‌ని, ఒకచోట కూర్చుని చదవడం నా వల్ల కాదు" అని ఇంకొకరు. ఇంత చిన్న వయసులో మీ గురించి మీరే అలా తీర్పు చెప్పుకుంటుంటే నాకు బాధగా ఉంది. అందుకే ఈ ఉత్తరం. పాటలు పెట్టుకుని చదవొచ్చా అన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది.

ముందు ఆ నాలుగు అక్షరాల సంగతి. మనుషుల్ని అంతర్ముఖులు (మీరనే ఇంట్రోవర్టులు, తమలో తాము ఉండేవాళ్ళు), బహిర్ముఖులు (ఎక్స్‌ట్రావర్టులు, నలుగురిలో హుషారుగా ఉండేవాళ్ళు) అని విడదీసి 1921లో పుస్తకం రాసినవాడు స్విట్జర్లాండ్ వైద్యుడు కార్ల్ యూంగ్. ఆ ఆలోచన పట్టుకుని అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ కలిసి మనుషుల్ని 16 రకాలుగా విడదీసే పరీక్ష తయారుచేశారు. ఒక్కో రకానికి పేరే ఆ నాలుగు అక్షరాలు. ఇద్దరూ మనస్తత్వశాస్త్రం చదువుకున్నవాళ్ళు కారు. కొన్ని వారాలు ఆగి మళ్ళీ రాస్తే చాలామందికి వేరే అక్షరాలు వస్తాయి. స్వభావం కూడా ఎత్తు లాంటిదే. బాగా పొడుగువాళ్ళు, బాగా పొట్టివాళ్ళు కొద్దిమందే, ఎక్కువమంది మధ్యలో ఉంటారు. మధ్యలో ఉన్నవాళ్ళని గీత గీసి అటో ఇటో తోస్తే, ఇవాళ ఇటు పడ్డవాళ్ళు రేపు అటు పడతారు.

అలాగని స్వభావాల్లో తేడాలే లేవని కాదు. జర్మనీలో పుట్టి లండన్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ ఐసెంక్ 1967లో ఒక వివరణ ఇచ్చాడు. అంతర్ముఖుల మెదడు మామూలుగానే కాస్త ఎక్కువ మెలకువతో ఉంటుంది, బయటి సందడి తోడైతే తట్టుకోలేదు. బహిర్ముఖుల మెదడుకి కాస్త సందడి ఉంటేనే హుషారు. తర్వాతి పరిశోధనలు దీన్ని కొంత సవరించాయి. ఊరికే కూర్చున్నప్పుడు పెద్ద తేడా కనబడదు, శబ్దమో వెలుగో తగిలినప్పుడు అంతర్ముఖులు ఎక్కువగా స్పందిస్తారు. నాలుక మీద నిమ్మరసం వేస్తే వాళ్ళకి లాలాజలం ఎక్కువ ఊరడం కూడా ప్రయోగాల్లో చూశారు.

ఇక చదువు దగ్గరికి వద్దాం. 1997లో లండన్‌లో ఏడ్రియన్ ఫర్నమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటి పరిశోధకురాలు ఒక ప్రయోగం చేశారు. కొందరికి నిశ్శబ్దంలో, కొందరికి పాప్ పాటలు వినిపిస్తూ కొన్ని వస్తువులు చూపించి, గుర్తున్నవి చెప్పమన్నారు. వెంటనే అడిగినప్పుడు పాటలు విన్నవాళ్ళందరికీ, ఏ స్వభావమైనా సరే, గుర్తున్నవి తగ్గాయి. ఆరు నిమిషాలు ఆగి అడిగితే పాటల మధ్య చూసిన అంతర్ముఖులు మరీ వెనకబడ్డారు. చదివి అర్థం చేసుకునే పరీక్షలోనూ అంతే. నిశ్శబ్దంలో కూర్చున్న అంతర్ముఖులకి ఆ ఇబ్బంది రాలేదు. అంటే వాళ్ళ జ్ఞాపకశక్తిలో లోపమేమీ లేదు. పాట వైపు మళ్ళిన ధ్యాస వస్తువు మీద నిలవలేదు, నిలవనిది లోపలికి వెళ్ళలేదు.

మన ఇళ్ళలో ఏం చేస్తాం? హాల్లో టీవీ మోగుతూంటుంది, వంటింట్లో మిక్సీ, మధ్యలో ఒకే బల్ల దగ్గర అక్కనీ తమ్ముణ్ణీ కూర్చోబెట్టి, "అది చదవగలుగుతోంది, నీకేం రోగం?" అంటాం. పెద్దవాళ్ళు మానుకోవలసిన మాట అది. ఈ ఉత్తరం అమ్మానాన్నలకి కూడా చూపించండి. సందడి పడని పిల్లాడికి డాబా మీదో పెరట్లోనో ఒక మూల ఇస్తే చాలు. కదలకుండా కూర్చోలేని పిల్లకి నడుస్తూ, పైకి చెబుతూ చదువుకోనివ్వాలి. ఆ పిల్లకైనా కొత్త పాఠం చదివేటప్పుడు పాటలు వద్దంటాను.

స్వభావం మన చేతులు కట్టేయదు. అష్టావధానం చూడండి. అవధాని ఒకేసారి ఎనిమిది పనుల మీద ధ్యాస పెట్టి, అప్పటికప్పుడు పద్యాలు చెప్పే ప్రదర్శన అది. ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్ళు, చుట్టూ కూర్చుంటారు. ఒకరు నిషిద్ధాక్షరితో, అంటే ఫలానా అక్షరం వాడొద్దంటూ, అడ్డుపడతారు, ఒకరు అప్రస్తుత ప్రసంగంతో, సంబంధం లేని కబుర్లతో, ధ్యాస చెడగొడతారు, ఒకరు మోగించే గంటలు లెక్కపెట్టుకోవాలి. చివర్లో ధారణలో తను చెప్పిన పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. నేను చూసిన అవధానుల్లో మితభాషులూ ఉన్నారు, వాగ్ధోరణి ఆగనివాళ్ళూ ఉన్నారు. ఏళ్ళ తరబడి సాధన మాత్రం అందరిలోనూ ఉంది.

మీరు చేయగలిగిన సాధన ఒకటుంది. పుస్తకం మూసి, చదివింది గుర్తుచేసుకుని రాయడం. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత అడిగితే మూసి గుర్తుచేసుకున్నవాళ్ళు బాగా ముందున్నారు. మీ పరీక్షలు అయిదు నిమిషాల తర్వాత రావు కదా.

ఇంకో స్వభావం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్రతిదానికీ టెన్షన్ పడే పిల్లలు. లెక్క చేస్తున్నప్పుడు అంకెల్ని మనసులో పట్టుకోవడానికి ఉండే చోటు చాలా కొంచెం. "తప్పితే ఎలా" అన్న భయం అందులో కొంత ఆక్రమిస్తుంది. వచ్చిన లెక్కే పరీక్ష హాల్లో రాకపోవడం అందుకే, బద్ధకం వల్ల కాదు. 2011లో షికాగోలో ఇద్దరు పరిశోధకులు పరీక్షకి ముందు పది నిమిషాలు భయాల్ని కాగితం మీద రాయించారు. ఎక్కువ కంగారుపడే పిల్లలకి మార్కులు పెరిగాయి. అందరికీ అంతే మేలు జరుగుతుందని మాటివ్వలేను గానీ, ప్రయత్నించడానికి ఖర్చేమీ లేదు. మీ భయాలు మీ మాటల్లోనే రాయండి, అక్షరదోషాలు చూసుకోవద్దు. ఎవరికీ చూపించనక్కర్లేదు. రాశాక చింపేసి హాల్లోకి వెళ్ళండి.

మీ తాతయ్య