కాళ్లు పడిపోయిన కోడి: విటమిన్ చుక్కల వెనుక కథ

పెరటి కోడి కుంటుతోందంటే చాలామంది ముందుగా నీళ్లలో విటమిన్ చుక్కలు కలుపుతారు. లేచి తిరిగితే మందు పనిచేసిందంటారు, లేవకపోతే ఏదో తెగులంటారు. ఈ అలవాటు ఊరికే పుట్టలేదు. దాని మూలం ఒక సైనిక ఆసుపత్రి వంటశాలలో ఉంది.

డచ్చివారి ఏలుబడిలోని జావాలో, కాళ్లు చచ్చుబడే బెరిబెరి జబ్బు సైనికులను మంచాన పడేస్తున్న రోజులవి. దానికి కారణమైన సూక్ష్మజీవిని పట్టుకోవాలని క్రిస్టియాన్ ఐక్‌మాన్ అనే డచ్చి వైద్యుడు బటేవియాలో (నేటి జకార్తా) కోళ్ల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. 1889 జులైలో ఆ కోళ్ల నడక తడబడింది. కొన్నాళ్లకు మడమల మీద కూలబడ్డాయి. సూక్ష్మజీవి ఎక్కించని కోళ్లదీ అదే గతి. నవంబరు చివర జబ్బు దానంతటదే మాయమైంది. ఆరా తీస్తే, జూన్ నుంచి వాటికి ఆసుపత్రిలో మిగిలిన తెల్లబియ్యపు అన్నం పెట్టారని తేలింది. కొత్తగా వచ్చిన వంటవాడు, సైన్యం బియ్యం సైన్యానికి చెందని కోళ్లకు ఇచ్చేది లేదన్నాడు. దాంతో అవి మళ్లీ తవుడు తీయని బియ్యానికి మళ్లి కోలుకున్నాయి. అతని పిసినారితనానికి వైద్యశాస్త్రం ఎంతో రుణపడింది. తెల్లబియ్యంలో విషముందని, తవుడు దానికి విరుగుడని ఐక్‌మాన్ అనుకున్నాడు. విషం కాదు, మేతలో ఏదో లోపించిందని 1901లో గెరిట్ గ్రైన్స్ సరిదిద్దాడు. ఆ లోపించినదే బి1 విటమిన్. 1926లో దాన్ని తవుడు నుంచే వేరుచేశారు.

ఆ దారిలోనే మిగిలినవీ బయటపడ్డాయి. ఎండ తగలకుండా గదుల్లో పెరిగే కోడిపిల్లల కాళ్లు వంగిపోతుంటే, అది డి విటమిన్ లోపమని 1920లలో అమెరికాలో తేల్చారు. కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోవడం బి2 లోపం. మడమ దగ్గర, కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువు పక్కకు జారిపోయే జబ్బుకు మాంగనీసు అనే ఖనిజం లోపం కారణమని 1936లో తెలిసింది.

ఇన్ని విజయాలు చూశాక ఏ కోడి కుంటినా మేత మీదే అనుమానం పోవడం సహజం. చుక్కల మందు పేరుప్రతిష్ఠలు అక్కడివే.

అయితే 1907లోనే బుడాపెస్ట్‌లో యోజెఫ్ మారెక్ అనే పశువైద్యుడు పక్షవాతం వచ్చిన నాలుగు పుంజుల గురించి రాశాడు. వాటి నరాలు వాచి ఉన్నాయి. అది హెర్పిస్ జాతి వైరస్ పని అని 1967లో గాని రుజువు కాలేదు. ఆ వెంటనే టర్కీ కోళ్లలోని, దానికి దగ్గరి చుట్టమైన వైరస్‌తో టీకా వచ్చింది. మారెక్ వ్యాధి సోకిన కోడి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి పడుకుంటుంది. దీనికి చికిత్స లేదు. పిల్ల పుట్టిన మొదటి రోజే టీకా వేయాలి, కాళ్లు పడ్డాక వేసినా లాభం లేదు. టీకా కూడా జబ్బును ఆపుతుంది గాని వైరస్ సోకకుండా ఆపలేదు.

కాబట్టి చుక్కలు కలిపే ముందు కోడిని చేతిలోకి తీసుకుని చూడాలి. అరికాలిలో నల్లని పొక్కు ఉంటే అది పుండు. దాన్ని శుభ్రం చేయించాలి. గుడ్లు పెట్టే పెట్ట అయితే గుడ్డు అడ్డుపడిందా, కాల్షియం చాలిందా చూడాలి. బి1 లోపమైతే మందు పడిన కొన్ని గంటల్లోనే తేడా కనిపిస్తుంది. వేళ్లు ముడుచుకుని చాలా రోజులైతే నరాలు దెబ్బతిని ఉంటాయి, విటమిన్‌తో తిరిగి రావు. జారిన స్నాయువు మాంగనీసు పెట్టినంత మాత్రాన చోటికి చేరదు. ఏ కారణమైనా కోడిని వేరుచేసి, మెత్తని పరుపు మీద ఉంచి, మేత, నీళ్లు ముక్కుకు అందేలా పెట్టాలి. కాళ్లు పడిన కోళ్లలో చాలా వాటిని చంపేది ఆకలిదప్పులే.

చనిపోయిన కోడిని పాతిపెట్టకుండా పశువైద్యుడికి చూపించడం మేలు. తొడల్లోని రెండు పెద్ద నరాలను పోల్చి చూస్తారు. ఒకటి రెండోదానికన్నా లావెక్కి, తెల్లని మెరుపు, అడ్డచారలు పోయి బూడిదరంగుకు తిరిగితే మారెక్ వ్యాధిని అనుమానించవచ్చు. ఒక్కసారిగా చాలా కోళ్లు చనిపోతుంటే మాత్రం ఇంట్లో కోయకూడదు. కొక్కెర తెగులో, బర్డ్ ఫ్లూనో కావచ్చు, వెంటనే పశువైద్యశాఖకు తెలపాలి.