“రోజా కోపమే కదా” అని పండగ దాకా ఆగకండి

రంజాన్ సగం గడిచేసరికి సైకియాట్రీ ఓపీలో నేను రోజూ వినే మాట ఒకటుంది. “రోజా (ఉపవాసం) ఉన్నాడు కదా డాక్టర్, ఆ మాత్రం చిరాకు ఉంటుంది. పండగయితే అదే తగ్గుతుందని ఊరుకున్నాం.” అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే.

ఒక ఏడు ఓ కుర్రాణ్ని వాళ్లక్క తీసుకొచ్చింది. మనసు అతి హుషారుకూ, అతి దిగులుకూ ఊగే బైపోలార్ జబ్బుకు లిథియం అనే మందు వాడేవాడు. రోజాలో మందులు వేసుకోకూడదని ఎవరో చెబితే మొదటి రోజే మానేశాడు. రాత్రి తరావీహ్ నమాజు నుంచి వచ్చి తెల్లవారుజామున తినే సహరీ దాకా నిద్రపోడు, పగలూ పడుకోడు. అయినా అలసట లేదు. వీధిలో పిల్లలందరికీ కొత్త బట్టలంటూ అప్పు తెచ్చాడు, వద్దన్న తండ్రి మీద చెయ్యెత్తాడు. అక్క ఓ కవరు విప్పి బల్ల మీద పెట్టింది. మూడు స్ట్రిప్పులు, ఒక్క మాత్ర కూడా తియ్యలేదు. “దిండు కింద దొరికాయి సార్” అంది.

అది ఆకలి కోపం కాదు, మేనియా, అంటే బైపోలార్‌లో హుషారు, కోపం హద్దు దాటే దశ. మామూలు చిరాకు సాయంత్రం పెరిగి, ఇఫ్తార్‌లో ఖర్జూరాలు, టీ కడుపులో పడ్డాక దిగిపోతుంది. ఇఫ్తార్ తర్వాత కూడా దిగని కోపం, నిద్ర లేకున్నా తగ్గని హుషారు, ఆగని మాటలు, చేతికందినంత ఖర్చు కనిపిస్తే మర్నాడే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

చాలా మాత్రల వేళలు ఇఫ్తార్‌కు, సహరీకి మార్చవచ్చు. కానీ ఆ మార్పు మీ డాక్టరే చెయ్యాలి. లిథియంతో మరీ జాగ్రత్త. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో అది పెరుగుతుంది. చేతులు బాగా వణికినా, వాంతులైనా, నడక తూలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అందుకే రంజాన్‌కు ముందొచ్చే షాబాన్ నెలలోనే రమ్మంటాను. కొందరికి ఈ ఏడు రోజా వద్దని చెప్పాల్సి వస్తుంది. అలా చెబితే ఏడ్చినవాళ్లున్నారు, వాళ్ల బాధ నాకు తెలుసు. ఖురాన్ రెండో సూరా 184, 185 వాక్యాల్లో జబ్బు మనిషికి మినహాయింపు స్పష్టంగా ఉంది. తప్పిన రోజాలు తర్వాత ఉండొచ్చు (ఖజా), అదీ కుదరనివారికి పేదలకు అన్నం పెట్టే ఫిద్యా ఉంది. మనసుకొచ్చిన జబ్బు కూడా జబ్బే.

ఇక “ఆకలి వల్లే కోపం” అనే మాట. ఆకలి కంటే అందని టీ, సిగరెట్టు, చాలని నిద్రే ఎక్కువ ఏడిపిస్తాయి. మా నాన్న రోజుకు ఎనిమిది టీలు తాగేవాడు. మొదటి మూడు రోజాలూ సాయంత్రం అసర్ నమాజు దాటాక గ్లాసు చప్పుడైనా కసిరేవాడు, వారం తిరిగేసరికి మామూలైపోయేవాడు. అది గమనించిన అమ్మ పది రోజుల ముందు నుంచే ఆయన టీలు ఒక్కొక్కటిగా తగ్గించడం మొదలుపెట్టింది. ఇప్పుడు నా పేషెంట్లకు నేను చెప్పేదీ అదే.

“రోజా ఉన్నవాళ్ల జోలికి పోకూడదు, మీద పడతారు” అనేది వట్టి పుకారు. ఎవరైనా తిట్టినా “నేను రోజా ఉన్నాను” అని తప్పుకోమన్నది హదీసు (ప్రవక్త మాట).

ఇన్సులిన్ వాడేవాళ్లు చెమటలు పట్టి, వణుకుతూ ఉన్నట్టుండి కసురుకుంటే మాత్రం గ్లూకోమీటర్ తీయండి. 70 కంటే తక్కువుంటే ఇఫ్తార్ వేళైన మగ్రిబ్‌కు పది నిమిషాలే ఉన్నా రోజా విడవాలి. సూది గుచ్చి చూసుకున్నంత మాత్రాన రోజా పోదు.