మీరడిగిన ప్రశ్నకు

ప్రియమైన పిల్లలకు,

మొన్న ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మీరొక ప్రశ్న అడిగారు. "బీదవాళ్లకు తిండీ బట్టలూ ఇస్తూనే ఉన్నాం కదా తాతయ్యా, మళ్లీ ఈ న్యాయ శాంతి సంఘం ఎందుకు?" అని. నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఇళ్లల్లో పనిచేసే ఒకావిడ ఓసారి సాయం కోసం మా విచారణకు, అంటే మా ఊరి చర్చికి, వచ్చింది. సరుకులిచ్చి పంపాం. మరుసటి నెల మళ్లీ వచ్చింది. అప్పుడుగానీ అడగాలని తోచలేదు మాకు: పని చేస్తున్నావు కదమ్మా, జీతం ఏమవుతోంది? ఆవిడ సంచిలోంచి పాత క్యాలెండర్ తీసింది. పనికి వెళ్లిన ప్రతి రోజు మీదా పెన్సిల్ గీత. అలా మూడు నెలలు. చేతికొచ్చింది మాత్రం ఒక్క నెల జీతం. ఆవిడకు చదువు రాదు, లెక్క మాత్రం ఒక్క రోజు తప్పలేదు. పక్కన కూర్చుని ఆ గీతల్ని కాగితం మీదికి ఎక్కించాం, ఇద్దరం తోడు వెళ్లాం. నాలుగుసార్లు తిరిగాక డబ్బు వచ్చింది. అన్నిసార్లూ మాట్లాడింది ఆవిడే. మేం పక్కన ఉన్నామంతే. మా పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. బెల్జియంలో జోసెఫ్ కార్డైన్ అనే క్యాథలిక్ గురువు (ఫాదర్), తన ఈడు పిల్లలు ఫ్యాక్టరీల్లో నలిగిపోవడం చూసినవారు, 1925లో యువ కార్మికులకు సంఘం పెట్టారు. చూడు, సువార్త వెలుగులో ఆలోచించు, పని చెయ్యి: ఆయన నేర్పింది ఇదే. 1961లో పోప్ 23వ జాన్ తన లేఖలో ఈ దారినే చూపారు. 1967లో పోప్ 6వ పాల్ న్యాయం, శాంతి కోసం రోములో ప్రత్యేకంగా ఒక కమిషన్ పెట్టారు. ఆ తర్వాత ఎన్నో మేత్రాసనాల్లో (ఒక్కో బిషప్పు కింద ఉండే ప్రాంతాల్లో), విచారణల్లో ఇలాంటి సంఘాలు వచ్చాయి.

మరి శాంతి మాటేమిటంటారా? 1945లో, యుద్ధం ఇంకా ముగియకముందే, ఫ్రాన్సులో ఒక టీచరమ్మ కొందరితో కలిసి శత్రుదేశమైన జర్మనీ కోసం ప్రార్థన మొదలుపెట్టింది. నాజీల చెరలో ఉండి వచ్చిన పీఠాధిపతి (బిషప్పు) పియేర్ మరీ తేయాస్ ఆమెకు తోడయ్యారు. శాంతి కోసం పనిచేసే క్యాథలిక్ ఉద్యమం పాక్స్ క్రిస్టీ ('క్రీస్తు శాంతి' అని అర్థం) అలా పుట్టింది. తనను బంధించినవాళ్ల కోసం ప్రార్థించడం ఎంత కష్టమో ఊహించండి. పక్కింటివాళ్లతో మాటలు మానేసిన మనకే అది చేతకాదు.

సమావేశానికి ఒకసారి రండి. క్యాలెండర్ ఆవిడ ఇప్పుడు మా సంఘంలోనే ఉంది. మీ ప్రశ్న ఆవిడనూ అడగండి.

మీ
తాతయ్య