చెట్టులో మీరెక్కడ నిలబడ్డారు?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. మీకు మెయిన్‌ఫ్రేమ్ ట్రైనింగ్ మొదలైందని, ఐబీఎం వాళ్ల పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఐఎంఎస్ పేరు వినగానే అందరూ నీరసపడిపోయారని తెలిసింది. "ఎప్పటి సరుకో, ఇప్పుడు నేర్చుకుని ఏం చేస్తాం పెదనాన్నా?" అని మీలో ఒకరు మెసేజ్ కూడా పెట్టారు. పాతదే, కాదనను. అయినా పెద్ద పెద్ద బ్యాంకులు, బీమా కంపెనీలు దాని మీద రాసిన ప్రోగ్రాములను ఇవాళ్టికీ నడుపుతున్నాయి. వాటిని చదివి అర్థం చేసుకుని, చెడగొట్టకుండా మార్చగలిగేవాళ్లు కావాలి. ఆ పనికే మిమ్మల్ని తీసుకున్నారు. కాబట్టి సణుగుడు కాసేపు పక్కన పెట్టి ఇది చదవండి.

ఐఎంఎస్ పుట్టింది అపోలో ప్రాజెక్టు రోజుల్లో. చంద్రుడి మీదికి వెళ్లే రాకెట్టుకు కావలసిన భాగాల లెక్క చూడటం మనుషుల వల్ల కాలేదు. ఒక పెద్ద భాగంలో కొన్ని చిన్న భాగాలు, వాటిలో ఇంకా చిన్నవి, అలా కిందికి దిగుతూనే ఉంటాయి. 1966లో ఐబీఎం, రాక్‌వెల్, కేటర్‌పిల్లర్ కంపెనీల వాళ్లు కలిసి ఈ పనికి కూర్చున్నారు. ఐబీఎం తరఫున దాని రూపకర్తగా వెర్న్ వాట్స్ పేరు చెబుతారు. 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీలో, రాక్‌వెల్ వాళ్ల దగ్గర ఒక టైప్‌రైటర్ టెర్మినల్ మీద 'రెడీ' అనే మాట పడింది. దాని పుట్టినరోజుగా దాన్నే చెప్పుకుంటారు. భాగాల జాబితా స్వభావంగానే చెట్టులా ఉంటుంది కాబట్టి డేటాబేస్ కూడా చెట్టులాగే తయారైంది. ఎవరో సిద్ధాంతం రాసి, తర్వాత దానికి తగ్గట్టు కట్టినది కాదిది. పట్టికల రూపంలో డేటాబేస్ ఉండాలని ఐబీఎం పరిశోధకుడు కాడ్ రాసిన వ్యాసం వచ్చింది 1970లో, అంటే ఇది పనిలోకి దిగాక.

ఇక అసలు సంగతి. మీరు కాలేజీలో పట్టికల డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకుని వచ్చారు. అక్కడ ఏం కావాలో చెబితే చాలు, ఎలా వెతకాలో డేటాబేసే చూసుకుంటుంది. ఐఎంఎస్‌లో అలా కుదరదు. మీ ప్రోగ్రాము చెట్టులోకి దిగి నడుస్తుంది. ఏ క్షణంలోనైనా అది ఏదో ఒక చోట నిలబడి ఉంటుంది. ఆ చోటును 'పొజిషన్' అంటారు. తర్వాతి కాల్‌కు, అంటే డేటాబేస్‌కు మీ ప్రోగ్రాము ఇచ్చే ఆదేశానికి, ఏం దొరుకుతుందన్నది చాలాసార్లు ఆ పొజిషన్ మీదే ఆధారపడుతుంది. కొత్తవాళ్లకు తల ప్రాణం తోకకు వచ్చేది ఇక్కడే. కాల్స్ పేర్లన్నీ ఒక పూటలో బట్టీ పట్టేస్తారు కానీ తామెక్కడ నిలబడ్డారో చూసుకోరు.

ఒక చెట్టు గీయండి. పైన కస్టమర్. అది రూట్ సెగ్మెంట్ (సెగ్మెంట్ అంటే చెట్టులో ఒక ముక్క సమాచారం). దాని కింద రెండు రకాల పిల్లలు: అడ్రస్, అకౌంట్. అకౌంట్ కింద ఎంట్రీలు, అంటే డబ్బు జమ అయినవి, తీసినవి. ఒక కస్టమర్‌కు మూడు అకౌంట్లు ఉంటే ఆ మూడూ ఒకదానికొకటి ట్విన్స్. ఒక రూట్, దాని కిందున్న సమస్తం కలిపితే ఒక డేటాబేస్ రికార్డు. ఇలా 15 మెట్ల వరకు, 255 రకాల సెగ్మెంట్ల వరకు పెట్టుకోవచ్చు. నాలుగైదు మెట్లు దాటిన చెట్టు కనిపిస్తే, దాన్ని డిజైన్ చేసినవాళ్లను ఎందుకని ఒకసారి అడగాలనిపిస్తుంది నాకు.

ఈ చెట్టు ఆకారాన్ని రాసిపెట్టేది డీబీడీ. మీ ప్రోగ్రాముకు అందులో ఎంత కనిపించాలి, కనిపించినదాన్ని చదవడమేనా, మార్చనూ వచ్చా అని చెప్పేది పీసీబీ. ఒక ప్రోగ్రాముకు కావలసిన పీసీబీలన్నీ కలిపితే పీఎస్‌బీ. జీతాల వివరాలు చూడకూడని ప్రోగ్రాముకు ఆ సెగ్మెంటు ఉందన్న సంగతే తెలియకుండా చేయవచ్చు. ఏ ప్రోగ్రామైనా చేతికిస్తే నేను ముందు పీఎస్‌బీ తెరుస్తాను, కోబాల్ భాషలో రాసిన కోడ్ తర్వాత. అది ఎంత హాని చేయగలదో అక్కడే తెలిసిపోతుంది.

ఈ చెట్టులో నడకకు ఒక వరస ఉంది: పైనుంచి కిందికి, ముందున్న ట్విన్ నుంచి వెనకున్న ట్విన్‌కు, ఎడమ నుంచి కుడికి. మొదటి కస్టమర్, అతని అడ్రస్‌లు, మొదటి అకౌంట్, దాని ఎంట్రీలు, రెండో అకౌంట్, దాని ఎంట్రీలు, అవన్నీ అయ్యాకే రెండో కస్టమర్. గెట్ యూనిక్, అంటే జీయూ, నేరుగా మీరు చెప్పిన సెగ్మెంటు దగ్గరికి తీసుకెళ్తుంది. గెట్ నెక్స్ట్, అంటే జీఎన్, ఉన్నచోటు నుంచి ఈ వరసలో ముందుకు నడిపిస్తుంది. గెట్ నెక్స్ట్ వితిన్ పేరెంట్, అంటే జీఎన్‌పీ, కూడా ముందుకే నడిపిస్తుంది కానీ పేరెంట్ గీత దాటనివ్వదు.

చివరి రెండింటి తేడా దగ్గర ఆగుదాం, ఎందుకంటే కొంపలు మునిగేది అక్కడే. ఒక కస్టమర్ అకౌంట్లన్నిటి బ్యాలెన్స్ కూడాలి. జీయూతో కస్టమర్ దగ్గరికి వెళ్లారు. తర్వాత లూపులో జీఎన్ పెట్టి, ఎస్ఎస్ఏలో, అంటే ఏ సెగ్మెంటు కావాలో చెప్పే చోట, అకౌంట్ సెగ్మెంట్ పేరు మాత్రం ఇచ్చారు. మొదటి అకౌంట్ వచ్చింది, రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. నాలుగోసారి ఏమవుతుంది? ఈ కస్టమర్‌కు అకౌంట్లు అయిపోయాయి కాబట్టి ఆగుతుందనుకుంటారు. ఆగదు. పక్క కస్టమర్ అకౌంట్ తెచ్చి చేతిలో పెడుతుంది. స్టేటస్ కోడ్ ఖాళీగా, అంటే అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. మీరడిగింది తర్వాతి అకౌంట్, అదిచ్చింది తర్వాతి అకౌంటే. లూపు డేటాబేస్ చివరిదాకా పోయి, జీబీ కోడ్ వచ్చాక ఆగుతుంది. ఆ కస్టమర్ ఒక్కసారిగా కోటీశ్వరుడైపోతాడు. టెస్ట్ డేటాబేస్‌లో ఒక్క కస్టమరే ఉంటే ఈ తప్పు బయటపడను కూడా పడదు. అక్కడ జీఎన్ బదులు జీఎన్‌పీ వాడితే మూడు అకౌంట్ల తర్వాత 'దొరకలేదు' అనే జీఈ కోడ్ వచ్చి ఆగిపోతుంది. కాబట్టి టెస్ట్ డేటాలో కనీసం ఇద్దరు కస్టమర్లను పెట్టండి. ఒకరికి అసలు అకౌంట్లే లేకపోతే ఇంకా మంచిది.

స్టేటస్ కోడ్ ప్రతి కాల్ తర్వాత పీసీబీలో పడుతుంది. దాన్ని చూడకుండా ముందుకు పోయే ప్రోగ్రామును నేనైతే రివ్యూలో ఆపేస్తాను. జీఈ అంటే అడిగింది దొరకలేదని. చాలా చోట్ల అది తప్పు కాదు, మామూలు సమాధానమే. కొత్త కస్టమర్‌ను చేర్చే ముందు వెతికితే జీఈ రావాలి కూడా. ఇన్సర్ట్ చేస్తే ఐఐ వచ్చిందంటే అదే కీతో, అంటే సెగ్మెంటును గుర్తుపట్టే విలువతో, సెగ్మెంటు అక్కడ ఇప్పటికే ఉందన్నమాట. మార్చాలన్నా తీసేయాలన్నా ముందు 'హోల్డ్' ఉన్న గెట్ కాల్‌తో ఆ సెగ్మెంటును పట్టుకోవాలి, లేకపోతే డీజే వస్తుంది. పట్టుకున్నాక కీ ఫీల్డును మార్చి రిప్లేస్ చేయబోతే డీఏ. మార్చాలనే ఉంటే పాతది తీసేసి కొత్తది చేర్చాలి. కానీ ఆ తీసేయడం దగ్గర జాగ్రత్త: పేరెంట్‌ను డిలీట్ చేస్తే దాని కిందున్న పిల్లలన్నీ చెప్పాపెట్టకుండా దానితోపాటే పోతాయి. నిర్ధారణ కోసం ఎవరూ అడగరు.

చెట్టుకు ఒక బలహీనత ఉంది, దాన్ని దాచను. భార్యాభర్తలకు జాయింట్ అకౌంట్ ఉందనుకోండి. ఆ అకౌంట్‌ను ఎవరి కింద వేలాడదీస్తారు? ఇద్దరి కిందా రాస్తే బ్యాలెన్స్ రెండు చోట్ల ఉంటుంది, ఒకటి మారి ఇంకొకటి మారకపోతే గోల. ఒకరి కిందే రాస్తే రెండో మనిషి వైపు నుంచి కనిపించదు. ఐఎంఎస్‌లో దీనికి 'లాజికల్ రిలేషన్‌షిప్' అని ఒక దారి ఉంది. ఒక చెట్టులోని సెగ్మెంటుకు సొంత పేరెంట్ కాక, ఇంకో చెట్టులో లాజికల్ పేరెంట్ కూడా ఉండేలా పాయింటర్లతో కడతారు. పని చేస్తుంది. కానీ ఎవరిని ఎప్పుడు డిలీట్ చేయవచ్చో చెప్పే రూల్సు చదువుతుంటే, పట్టికల పద్ధతి అంత తొందరగా జనానికి ఎందుకు నచ్చిందో అర్థమవుతుంది.

డిస్కు మీద నిల్వ గురించి ఇప్పటికి రెండు మాటలు చాలు. హెచ్‌డామ్‌లో కీని ఒక లెక్కలో పెట్టి రూట్ ఏ బ్లాకులో ఉండాలో తేలుస్తారు. ఒక్కరి వివరాలు తేవడానికి అది చాలా వేగం, కానీ రూట్‌లు కీ వరసలో ఉంటాయని నమ్మకూడదు. హైడామ్‌లో ఇండెక్సు ఉంటుంది కాబట్టి వరసగా నడవచ్చు. పాత ప్రోగ్రాము వరస తప్పిందని ఎవరైనా మొత్తుకుంటే ముందు ఈ రెంటిలో ఏదో చూడండి.

ఇప్పుడు ట్రాన్సాక్షన్ సంగతి. ఐఎంఎస్‌లో డేటాబేస్ సగమే, మిగతా సగం ట్రాన్సాక్షన్ మేనేజర్. టెర్మినల్ దగ్గర ఎవరో ట్రాన్సాక్షన్ కోడ్‌తో మెసేజ్ పంపుతారు. అది నేరుగా ప్రోగ్రాముకు పోదు, క్యూలో చేరుతుంది. మెసేజ్ రీజియన్, అంటే ప్రోగ్రాములు నడిచే చోటు, ఖాళీ అయినప్పుడు ఐఎంఎస్ ఆ కోడ్‌కు సంబంధించిన ప్రోగ్రామును అందులో లేపుతుంది. ప్రోగ్రాము మెసేజ్‌ల కోసం ఉండే ఐఓ పీసీబీ మీద జీయూ ఇచ్చి మెసేజ్ తీసుకుంటుంది, పని చేస్తుంది, ఇన్సర్ట్‌తో జవాబు పంపుతుంది, మళ్లీ జీయూ ఇస్తుంది. ఇక మెసేజ్‌లు లేకపోతే క్యూసీ వస్తుంది, ప్రోగ్రాము ముగుస్తుంది. చెట్టులో నడవడానికి వాడిన కాల్సే మెసేజ్‌లకూ సరిపోయాయి చూశారా? ఈ పొదుపు నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

ఒక అకౌంట్ నుంచి డబ్బు తీసి ఇంకో అకౌంట్‌లో వేసే ప్రోగ్రాము ఉంది. తీయడం అయ్యింది, వేసే లోపల అబెండ్ అయ్యింది, అంటే ప్రోగ్రాము మధ్యలోనే కూలింది. ఇప్పుడా డబ్బు ఎక్కడుంది? ఎక్కడా పోలేదు. ఏ మార్పు చేసినా పాత విలువ లాగ్‌లో, అంటే మార్పుల చిట్టాలో, ముందే చేరి ఉంటుంది. డిస్కు మీది డేటాబేస్ మారే లోపే లాగ్ రికార్డు భద్రమైపోవాలన్నది అక్కడ తప్పని నియమం. అబెండ్ కాగానే ఐఎంఎస్ ఆ లాగ్ చూసి, చివరి కమిట్ పాయింట్ (మార్పులు ఖాయమైన చోటు) దాకా మార్పులన్నీ వెనక్కి తీస్తుంది. దీన్నే బ్యాకౌట్ అంటారు. మొత్తం మెషీనే ఆగిపోయినా, రీస్టార్ట్ అయ్యేటప్పుడు ఇదే జరుగుతుంది. ఇందులో నాకు బాగా నచ్చే వివరం ఇంకొకటి ఉంది. ప్రోగ్రాము 'డబ్బు చేరింది' అని జవాబు ఇన్సర్ట్ చేసినా, మామూలుగా కమిట్ అయ్యేదాకా ఆ జవాబు టెర్మినల్‌కు పోదు. బ్యాకౌట్ అయితే అదీ రద్దే. జరగని పనిని జరిగిందని ఎవరికీ చెప్పదు. ట్రాన్సాక్షన్లకు మీరు పరీక్షల్లో రాసే 'యాసిడ్' అనే పేరు 1983లో వచ్చింది, పని మాత్రం అంతకు చాలా ముందే నడుస్తోంది.

ఇద్దరు ఒకరి కోసం ఒకరు ఆగిపోయే డెడ్‌లాక్ కూడా వస్తుంది. ఒక ప్రోగ్రాము మొదటి కస్టమర్‌ను పట్టుకుని రెండో కస్టమర్ కోసం చూస్తుంటుంది, ఇంకొకటి సరిగ్గా తలకిందులుగా. ఐఎంఎస్ ఒకదాన్ని యూ0777తో పడేసి, బ్యాకౌట్ చేసి, ఆ మెసేజ్‌ను మళ్లీ నడిపిస్తుంది. ఆ కోడ్ చూసి టెన్షన్ పడకండి. రోజూ గుట్టలుగా వస్తుంటే మాత్రం ప్రోగ్రాములు కస్టమర్లను ఏ వరసలో పట్టుకుంటున్నాయో చూడండి.

కమిట్ దగ్గర మళ్లీ పొజిషన్ దగ్గరికే రావాలి. మామూలు మెసేజ్ ప్రోగ్రాములో తర్వాతి మెసేజ్ కోసం ఇచ్చే జీయూయే సాధారణంగా కమిట్ పాయింట్. అక్కడ సెగ్మెంట్లను పట్టుకున్న తాళాలు వదులుతారు, వాటితోపాటు చెట్టులో మీ పొజిషన్ కూడా పోతుంది. ఒక్కో మెసేజ్‌కు కొత్తగా జీయూతో మొదలుపెడతారు కాబట్టి అక్కడ పెద్దగా ఇబ్బంది ఉండదు. రాత్రిపూట బీఎంపీగా, అంటే ఆన్‌లైన్ డేటాబేస్ మీదే, నడిచే బ్యాచ్ ప్రోగ్రాము సంగతి వేరు. అది లక్షల కస్టమర్లను వరసగా చదువుతూ పోతుంది. కమిట్ చేయకుండా గంటలకొద్దీ పోతే తాళాలు పేరుకుపోయి ఆన్‌లైన్ వాళ్లంతా ఆగిపోతారు, మధ్యలో పడిపోతే బ్యాకౌట్‌కు కూడా గంటలు పడుతుంది. అందుకే కొన్ని వందల రికార్డులకోసారి చెక్‌పాయింట్ తీయాలి, అంటే కమిట్ చేయాలి. తీయగానే పొజిషన్ పోతుంది. ఆ సంగతి మరిచి వెంటనే జీఎన్ ఇస్తే నడక మళ్లీ డేటాబేస్ మొదటి నుంచి మొదలవుతుంది. కాబట్టి చివరగా చదివిన కస్టమర్ కీని దాచుకుని, చెక్‌పాయింట్ తర్వాత అదే కీతో జీయూ ఇచ్చి నిలబడాలి, ఆ తర్వాతే జీఎన్.

మీకు మెషీన్ యాక్సెస్ వచ్చేలోపు కాగితం మీద ఒక పని చేయండి. పైన గీసిన చెట్టులో ముగ్గురు కస్టమర్లను వేసి, మధ్యవాడికి అకౌంట్లు లేకుండా పెట్టండి. జీయూ మొదటి కస్టమర్, జీఎన్‌పీ అకౌంట్, జీఎన్‌పీ అకౌంట్, జీఎన్ అకౌంట్, చెక్‌పాయింట్, జీఎన్ కస్టమర్, ఈ వరసలో కాల్స్ ఇచ్చారనుకోండి. ఒక్కో కాల్ తర్వాత ఏ సెగ్మెంటు చేతికి వచ్చింది, స్టేటస్ ఏంటి, ఎక్కడ నిలబడ్డారు అన్నవి రాసి, ఫోటో తీసి పంపండి. దిద్ది పంపిస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న