అబ్బాయి ఆటలో అమ్మాయిని ఎంచుకుంటే: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, మావాడు ఫోన్‌లో ఎప్పుడు చూసినా ఆడపిల్ల బొమ్మతోనే ఆడుతున్నాడు. ఏమైనా తేడా ఉందంటారా?" ఈ నెలలో కౌన్సెలింగ్‌కి వచ్చిన మూడో తల్లి ఆమె. "తేడా" దగ్గరికొచ్చేసరికి గొంతు వణికింది. వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో చూశాక నిద్రపట్టలేదట. ఏ ఆధారమూ లేని ఆ వీడియోలు ఎన్ని ఇళ్లలో చిచ్చు పెడుతున్నాయో!

అపోహ: అబ్బాయి స్త్రీ పాత్రతో ఆడుతున్నాడంటే మనసులో ఏదో సమస్య ఉన్నట్టే.

వాస్తవం: కాదు. ఆమె కొడుకు పదో తరగతి. "ఈమెనే ఎందుకు తీసుకుంటావు?" అనడిగాను. "కెల్లీ అయితే స్పీడ్‌గా ఉరుకుతుంది మేడమ్" అన్నాడు. ఫ్రీ ఫైర్ అనే షూటింగ్ ఆటలో కెల్లీ అనే పాత్రకున్న ప్రత్యేకత పరుగే. వాడు చూసుకున్నది అంతే. అప్పటికే తండ్రి ఫోన్ నేలకేసి కొట్టారు, వాడు వారంగా ఇంట్లో నోరు విప్పలేదు. కొందరికి స్కిన్ (పాత్రకు వేసే వేషం) నచ్చుతుంది, కొందరికి కథ. 1996లో వచ్చిన టూంబ్ రైడర్ ఆటలో లారా క్రాఫ్ట్ అనే స్త్రీ పాత్ర తప్ప వేరే దారే లేదు, అది ఆడిన మగపిల్లలు ఇవాళ తండ్రులు. అంతెందుకు, సత్యభామ వేషంతో పేరుమోసిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది.

కొందరు పిల్లలకు తమ జెండర్ గురించి నిజంగానే ప్రశ్నలుంటాయి. అదీ జబ్బు కాదు. ఆటలో బొమ్మను చూసి అది తేల్చలేం, వాళ్లే చెప్పుకున్నప్పుడు వినాలి. "మార్చేస్తాం" అనేవాళ్ల దగ్గరికి మాత్రం దయచేసి తీసుకెళ్లకండి. అలాంటి 'చికిత్స' చేయడం వైద్యులకు వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది.

అపోహ: ఆడ పాత్ర సన్నగా ఉంటుంది, తూటా తగలదు.

వాస్తవం: వాలరెంట్ అనే షూటింగ్ ఆటలో ఏజెంట్లందరికీ (పాత్రలను అలా పిలుస్తారు) హిట్‌బాక్స్, అంటే తూటా తగిలినట్టు లెక్కేసే హద్దు, ఒకటే.

అపోహ: స్త్రీ పాత్రతో ఆడేది అమ్మాయే.

వాస్తవం: ఎవరైనా కావచ్చు. ఫొటోలు, డబ్బులు పంపొద్దు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పరీక్షల భయంతో నా దగ్గరికొచ్చే అమ్మాయిలు కొందరు మాటల్లో మాటగా చెబుతారు, వాయిస్ చాట్‌లో బూతులు పడలేక మగ పాత్ర తీసుకుని మైక్ ఆపేస్తామని. నన్నడిగితే ఇళ్లల్లో బెంగపడాల్సింది దీని గురించి.

ఆ కుర్రాడి తండ్రి తర్వాతి వారం స్క్రీన్ మార్పించిన ఫోన్‌తో వచ్చారు. నా ముందే "కెల్లీ అంటే ఎవర్రా?" అనడిగారు. వాడు చాలాసేపు చెప్పాడు.